సుబ్బారావుగారి మాత్రలు – మన పంచాయతీల బాధ్యత

(మట్టెవాడలో గ్రామపంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మనము సమావేశమైన ఈ మట్టెవాడకు చేరువనే మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి కలదు. ఎం.జి.ఎం. అనిన తెలియనివారు ఈ ప్రాంతమున లేరు. మీలో అనేకులు ఏదో ఒకనాడు ఇంటివారినో, ఇరుగుపొరుగువారినో వెంటబెట్టుకొని ఆ ఆసుపత్రి మెట్లెక్కియే యుందురు. వరంగల్లున 1959 లో కాకతీయ వైద్య కళాశాల స్థాపింపబడిన నాటినుండి ఎందరో వైద్యులు ఇచ్చట శిక్షణ పొందినారు. పెద్ద ఆసుపత్రి, పెద్ద డాక్టరు, పెద్ద ఆపరేషను – వైద్యమనగానే మన మనస్సునకు తోచునవి ఇవియే. కాని నేడు మేము మీతో ముచ్చటింపదలచినది వీనికంటె మిక్కిలి చిన్నదైన వస్తువును గురించి. అది మాత్ర. వాడుకలో గోలీ.

మీ గ్రామమున ఆశా కార్యకర్త సంచి విప్పి చూడుడు. అందు గర్భిణీ స్త్రీలకిచ్చు ఎర్రని మాత్ర యుండును. దానిలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లమను పదార్థము చేర్చబడియున్నది. బోదకాలు వ్యాధి గల జిల్లాలలో ఇంటింటికి తిరిగి పంచు డి.ఇ.సి. మాత్ర మరియొకటి. ఇక మూడవది మెథోట్రెక్సేటు. ఇది ఆశా సంచిలో ఉండదు. క్యాన్సరు ఆసుపత్రిలో, రక్తపు క్యాన్సరు సోకిన బిడ్డల మంచము ప్రక్కన ఉండును. ఈ మూడు మందులును సుమారు నాలుగు సంవత్సరముల వ్యవధిలో ఒకే పరిశోధనాలయము నుండి వెలువడినవి. ఆ పరిశోధనాలయమునకు నాయకుడై నడపినవారు తెలుగువారు. వారి పేరు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

బాల్యము, విద్య

సుబ్బారావుగారు 1895 వ సంవత్సరము జనవరి 12 వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. ఇంట పేదరికము. బాలుడు పదమూడవ ఏట ఇల్లు విడిచి, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడించవలెనని బయలుదేరెను. పెద్దలు దారిలోనే పట్టి వెనుకకు తెచ్చిరి. రాజమండ్రిలో చదివెను, మెట్రిక్యులేషను పరీక్ష రెండుమారులు తప్పెను, మూడవమారు మద్రాసులో ఉత్తీర్ణుడయ్యెను. రెండుమారులు తప్పిన బాలుని ఈ వీడు పనికిరాడని మనము ఎంత సులభముగా అందుము! ఆ తల్లి అనలేదు. పట్టుపట్టి చదివించినది.

సన్న్యాసము పుచ్చుకొనవలెనని సుబ్బారావుగారికి కోరిక యుండెడిది. తల్లి అనుమతింపలేదు. సేవయే సన్న్యాసమని తలచి వైద్యవిద్య నభ్యసింప మద్రాసు వైద్య కళాశాలలో చేరిరి. చదువు ఖర్చును మామగారు భరించిరి. అవి గాంధీజీ పిలుపు దేశమంతట మారుమ్రోగుచున్న దినములు. సుబ్బారావుగారు ఆపరేషను గదిలోనికి ఖద్దరు వస్త్రము ధరించి వెళ్ళిరి. శస్త్రచికిత్స బోధించు ఆంగ్లేయ ఆచార్యుడు అప్రసన్నుడయ్యెను. ఫలితముగా యం.బి.బి.యస్. పట్టము దక్కలేదు, దానికంటె తక్కువదైన ఎల్.యం.యస్. పట్టముతో తృప్తిపడవలసివచ్చినది. శస్త్రవైద్యుని కత్తి చేతికి రాకుండ పోయినది. కత్తి చేయజాలని పనిని చేయు మందులను ఆయన తరువాత కాలమున కనుగొనిరి.

ఆ ఇంటికి వచ్చిన పెద్ద దుఃఖమును గూడ చెప్పవలెను. సుబ్బారావుగారి సోదరులిరువురు కొలది దినముల తేడాతో సంగ్రహణి వ్యాధితో మరణించిరి. తిన్న ఆహారము ఒంటబట్టక, రక్తము క్షీణించి, మనిషి ఎండిపోవు వ్యాధి యది. సుబ్బారావుగారికిని అదే వ్యాధి సోకెను. ఆయుర్వేద వైద్యులు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సచేత బ్రతికి బయటపడిరి. తరువాత వారి ఆయుర్వేద కళాశాలలోనే ఉపాధ్యాయులుగా పనిచేసిరి. అన్నదమ్ములను పొట్టబెట్టుకొన్న వ్యాధికి మందు ఏది? ఈ ప్రశ్న వారిని విడువలేదు.

బోస్టను నగరమున

1920 దశాబ్దపు తొలి సంవత్సరములలో సుబ్బారావుగారు అమెరికా చేరి, బోస్టను నగరమందలి హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశ వ్యాధుల శాస్త్రమును చదివిరి. మామగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థయు సహాయపడినను ధనము చాలలేదు. వారి పట్టము అచ్చట డాక్టరు ఉద్యోగమునకు చాలదనిరి. పగలు చదువుకొని రాత్రులు ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడుగు పని చేసిరి. సోదరులారా, నేటికిని మన ఆసుపత్రులలో ఆ పనిచేయువారిని మనము ఏ కంటితో చూచుచున్నామో ఒక్కసారి తలచుకొనుడు.

తరువాత జీవరసాయన శాస్త్రమున పరిశోధన సాగించిరి. ఫిస్కే అను శాస్త్రజ్ఞునితో కలిసి, రక్తమునందును మూత్రమునందును భాస్వరము ఎంత యున్నదో కొలుచు పద్ధతిని 1925 లో ప్రకటించిరి. ఫిస్కే–సుబ్బారావు పద్ధతియని దానికి పేరు. 1927 లో కండరములలో శక్తిని నిలువచేయు ఫాస్ఫోక్రియాటిను అను పదార్థమును, 1929 లో ఎ.టి.పి. అను పదార్థమును వెల్లడించిరి. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును ఎ.టి.పి.ని వేరుగా కనుగొనెను. దీనిని రైతు భాషలో చెప్పవలెనన్న, గరిసెలో ధాన్యము వంటిది మనము తిన్న తిండి. నాటికి నాడు దంచుకొని వండుకొను బియ్యము వంటిది ఎ.టి.పి. నాగలి పట్టిన చేయి కదలవలెనన్నను, గుండె కొట్టుకొనవలెనన్నను అది ఖర్చు కావలెను. నేడు ప్రపంచమందంతట జీవశాస్త్రము చదువు ప్రతి విద్యార్థియు నేర్చుకొను పాఠమిది.

ఇంత చేసినను విశ్వవిద్యాలయము వారికి స్థిరమైన ఉద్యోగము నీయలేదు. 1940 లో న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను ఊరిలో గల లెడర్లీ అను మందుల కంపెనీ పరిశోధనాలయమునకు మారిరి. కొలదికాలములోనే దానికి పరిశోధనాధిపతి అయినారు. విశ్వవిద్యాలయము విడిచి కంపెనీలో చేరుట పండితులకు తగదని తలచువారు ఆనాడు కలరు. కాని మందును కనుగొనుట ఒకరి పని కాదు. ఒకరు పదార్థమును విడదీయవలెను, మరియొకరు దాని నిర్మాణమును తేల్చవలెను, వేరొకరు జంతువులపై పరీక్షింపవలెను, తరువాత మణుగుల కొలది తయారుచేయవలెను. ఇన్ని చేతులు ఒక్క కప్పు క్రింద కూడినచోటనే సుబ్బారావుగారి జ్ఞానము మందుగా మారినది.

కత్తి చేరని వ్యాధి

ఇక ఆ మందుల కథ వినుడు. మొదటి దాని ఆరంభము మన దేశముననే యున్నది. 1930 ప్రాంతమున లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణీ స్త్రీలను పరీక్షించినది. నూలుమిల్లులలో పనిచేయు పేదలకు రక్తము క్షీణించి, ముఖము పాలిపోయి, కాన్పునాటికి ప్రాణముమీదికి వచ్చుట గమనించినది. ఈస్టు సారము పెట్టగా వారు కోలుకొనిరి. అందున్న గుణకర పదార్థమేమో ఆనాడు తెలియలేదు. సుబ్బారావుగారి బృందము ఆ పదార్థమును కాలేయము మొదలగువానినుండి వేరుచేసి, 1945 లో దానిని రసాయనిక విధానమున స్వయముగా తయారుచేసినది. అదియే ఫోలిక్ ఆమ్లము. పిమ్మట క్యూబా దేశమున సంగ్రహణి రోగులకు దానిని ఇచ్చి చూడగా వారు కోలుకొనిరి. తమ్ముని ప్రశ్నకు జవాబు దొరికినది. అన్నదమ్ములకు మాత్రము కాలము మించిపోయినది.

రెండవది క్యాన్సరు మందు. రాచపుండు అని మన పెద్దలు పిలిచిన ఈ వ్యాధికి ఆనాడు రెండే చికిత్సలు. శస్త్రవైద్యుడు కోసి తీసివేయవలెను. లేదా కిరణములతో కాల్చవలెను. కాని రక్తములోనే క్యాన్సరు పుట్టినపుడు కత్తి ఎచ్చట పెట్టవలెను? అది ఒంటియంతట పారుచుండును గదా! బిడ్డకు రక్తపు క్యాన్సరు వచ్చినదనిన తల్లిదండ్రులు వారములను లెక్కించుకొనుటయే మిగిలియుండెడిది. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు అట్టి బిడ్డలకు ఫోలిక్ ఆమ్లపు జాతి మందు నిచ్చి చూచెను. వ్యాధి తగ్గుటకు మారుగా పెరిగెను. అపుడు తోచినది: ఈ పదార్థము క్యాన్సరు కణములకు ఎరువైనచో, ఎరువువలె కనబడి ఎరువు కానిది పెట్టిన ఏమగును? కణము దానిని మ్రింగి ఆకలితో మాడిపోవును గదా!

సుబ్బారావుగారి బృందము అట్టి నకిలీ పదార్థములను తయారుచేసి ఫార్బరునకు పంపెను. వానిలో ఒకటైన అమైనోప్టెరినును ఫార్బరు 16 మంది బిడ్డలకు ఇచ్చెను. వారిలో 10 మందికి కొంతకాలము గుణము కనబడినది. 1948 జూనులో ఈ ఫలితము ప్రకటింపబడినది. గుణము నిలువలేదు; వ్యాధి తిరుగబెట్టినది. ఈ సత్యమును దాచవలసిన పనిలేదు. అయినను మందుతో క్యాన్సరును వెనుకకు నెట్టవచ్చునని ప్రపంచమునకు తెలిసినది అప్పుడే. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేటు ఇంకను మేలైనదని తేలినది. గర్భసంచిలో మాయనుండి పుట్టు ఒక క్యాన్సరు ఈ ఒక్క మందుతోనే నయమైనట్లు 1956 లో వైద్యులు ప్రకటించిరి. నేడు మంచి ఆసుపత్రులలో, ఇతర మందులతో కలిపి పూర్తికాలము వాడినపుడు, సాధారణముగా పిల్లలకు వచ్చు రక్తపు క్యాన్సరు పదిమందిలో ఎనిమిదిమందికి పైగా నయమగుచున్నది.

మూడవది బోదకాలు మందు. రెండవ ప్రపంచ యుద్ధమున పసిఫికు దీవులలోనున్న సైనికులకు ఈ వ్యాధి సోకుటచే మందుకొరకు వెదకులాట సాగినది. 1947 లో సుబ్బారావుగారి బృందము డి.ఇ.సి.ని వెలువరించినది. మరుసటి సంవత్సరమున వారి పరిశోధనాలయముననే, డుగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుని కృషివలన ఆరియోమైసిను అను సూక్ష్మజీవ నాశక మందు ప్రకటింపబడినది. టెట్రాసైక్లిను జాతి మందులలో అది మొదటిది. ఆ 1948 ఆగస్టు మాసముననే సుబ్బారావుగారు నిద్రలో కన్నుమూసిరి. వయస్సు 53 సంవత్సరములు. స్వదేశమునకు తిరిగి రానేలేదు. భార్య శేషగిరిగారు ఇచ్చట ఎదురుచూచుచునే యుండిపోయిరి. 1995 లో, వారి శతజయంతి సందర్భమున, భారత ప్రభుత్వము తపాలాబిళ్ళ విడుదల చేసినది.

మన గడ్డపైనే కర్మాగారము

సుబ్బారావుగారు పరదేశపు కంపెనీలో చేసినది మన గడ్డపై చేయుట సాధ్యమా? సాధ్యమేనని చూపినవారు నెల్లూరు జిల్లాకు చెందిన శ్రీ కె.ఐ. వరప్రసాదరెడ్డిగారు. వీరు వైద్యులు కారు, ఎలక్ట్రానిక్సు ఇంజనీరు. కాలేయమునకు పట్టు హెపటైటిస్–బి అను కామెర్ల వ్యాధికి విదేశపు టీకా ఆనాడు వందల రూపాయలు పలుకుచుండెను. సామాన్యుడు దానివంక చూడజాలకుండెను. వీరు తల్లి శాంతమ్మగారి పేరిట 1993 లో హైదరాబాదున శాంతా బయోటెక్నిక్సు సంస్థను స్థాపించి, 1997 లో ఆ టీకాను స్వదేశమున తయారుచేసి విడుదల చేసిరి. పిమ్మట హైదరాబాదుననే ఇతర సంస్థలును తయారీకి పూనుకొనిరి. ధర పడిపోయినది. 2009 లో శాంతా సంస్థ ఫ్రాన్సు దేశపు సనోఫీ కంపెనీ వశమైనది. కాని తగ్గిన ధర తగ్గినట్లే నిలిచినది. 2011 నాటికి ఈ టీకా దేశమంతట ప్రభుత్వ కార్యక్రమమున చేరినది.

కామెర్ల టీకాకును క్యాన్సరునకును సంబంధమేమని మీరు అడుగవచ్చును. ఈ వ్యాధి ప్రసవ సమయమున తల్లినుండి బిడ్డకు సోకినచో చాలవరకు జీవితాంతము ఒంటిలోనే యుండిపోవును. ఏండ్లు గడచిన పిదప కాలేయము గట్టిపడుట, కాలేయ క్యాన్సరు దాపురించుట జరుగును. తైవాను దీవిలో 1984 నుండి పుట్టిన బిడ్డలకు ఈ టీకా వేయగా, పిల్లలలో కాలేయ క్యాన్సరు తగ్గినది. అనగా మనకు లభించిన క్యాన్సరు నివారణ టీకాలలో ఇది మొదటిది. అయితే తొలి మోతాదు బిడ్డ పుట్టిన 24 గంటలలోపల పడవలెను. అటుపై 6, 10, 14 వారములకు తక్కినవి.

మ్రింగని మాత్ర

శాస్త్రజ్ఞుడు కనుగొనినాడు. కర్మాగారము తయారుచేసినది. ప్రభుత్వము కొని పంపినది. ఇంతటితో పని పూర్తియైనదా? ఇచ్చట మా తప్పు నొకదానిని మీయెదుట ఒప్పుకొనవలెను.

కొన్ని సంవత్సరముల క్రిందట బోదకాలు మాత్రల ప్రచారమునకై మేము ఒక గ్రామమునకు పోయితిమి. గోడపత్రములు అతికించితిమి, మైకులో చాటించితిమి, సభ జరిపితిమి. మాత్రలు ప్రతి ఇంటికి అందినట్లు పుస్తకములో వ్రాయబడినది. మేము సంతోషముగా తిరిగివచ్చితిమి. కొన్ని నెలల పిమ్మట వేరొక పనిమీద ఆ ఊరికే పోయి ఒక ఇంటి అరుగుపై కూర్చుంటిమి. ఎదుటి గూటిలో, దీపపు సెమ్మె ప్రక్కన, మేము పంచిన మాత్రలు కాగితపు పొట్లములో అట్లే యున్నవి. ఇంటి పెద్దను అడిగితిమి. ఆయన నవ్వి, “కాలు మంచిగనే ఉన్నది గద సారూ, గోలీ ఎందుకు మింగాలె?” అనెను.

ఆయన అడిగినది న్యాయమైన ప్రశ్న. మా గోడపత్రములలో దానికి జవాబు లేదు. కాలు వాచిన పిమ్మట ఈ మాత్ర ఆ వాపును తీసివేయదు. వాపు రాకముందే, రక్తములో కంటికి కనబడక తిరుగు పురుగు పిల్లలను చంపుటకే ఈ మాత్ర. బాగున్న కాలు బాగుగనే యుండుటకు దీనిని మ్రింగవలెను. తన ఒంటిలోని పురుగు దోమద్వారా పొరుగింటి బిడ్డకు పోకుండుటకును మ్రింగవలెను. తల్లిపురుగు కొన్ని ఏండ్లు బ్రతుకును గనుక ఒక్కసారి చాలదు. కనీసము అయిదేండ్లు, ఏటేట, నూటికి 65 మందికి తక్కువ కాకుండ మ్రింగిననే వ్యాధి ఊరు విడుచును. ఈ మాట చెప్పగా ఆ పెద్దమనిషి ఒప్పుకొనినాడు. నాటినుండి మేము పంచిన మాత్రలను లెక్కించుట మాని, మ్రింగిన మాత్రలను లెక్కించవలెనని నేర్చుకొంటిమి.

పంచాయతీలు చేయదగినవి

కావున సభ్యులారా, మీరు చేయదగిన పనులు కొన్ని మనవి చేయుదుము.

మొదటిది: బోదకాలు మాత్రల దినమున ప్రతి వార్డు సభ్యుడును ఆశా కార్యకర్త వెంట నడచి, తానే మొదట అందరియెదుట మ్రింగవలెను. మాత్రను పరగడుపున వేసికొనరాదు. గర్భిణులకు, రెండేండ్లలోపు బిడ్డలకు, తీవ్రముగా జబ్బుపడినవారికి ఈయరాదు. కొందరికి కొలదిగా జ్వరము, తలనొప్పి కలుగవచ్చును. అది సాధారణముగా పురుగులు చచ్చుటచే వచ్చునది, త్వరలోనే తగ్గును. ఎక్కువైనచో ఆరోగ్యకేంద్రమునకు తీసికొనిపోవలెను. మోరీలలో మురుగునీరు నిలిచినచోటనే ఈ వ్యాధిని మోయు దోమ పుట్టును. మోరీ తీయించుట డాక్టరు పని కాదు, మీ పని.

రెండవది: మీ వార్డులో గర్భిణి యెవరో మీకు తెలియవలెను. ఎర్రని మాత్ర ఆమె కాన్పునకు ముందు 180 దినములు, పిమ్మట 180 దినములు వేసికొనవలెను. మలము నల్లబడునని, వికారమగునని కొందరు మానివేయుదురు. మలము నల్లబడుట అపాయము కాదని అత్తగారికి గూడ చెప్పవలెను. పలు ఇండ్లలో మాత్ర మానిపించునది కోడలు కాదు, అత్తగారు.

మూడవది: ప్రసవము ఆసుపత్రిలో జరుగునట్లును, ఇంటికి తెచ్చులోపల బిడ్డకు కామెర్ల టీకా తొలి మోతాదు పడునట్లును చూడవలెను. ‘రేపు వేయింతుము’ అనుమాటకు ఇచ్చట తావులేదు.

నాలుగవది క్యాన్సరు విషయము. మూడు వారములైనను మానని నోటిపుండు, రొమ్ములో గడ్డ, ముట్టులుడిగిన పిదప రక్తస్రావము – వీనిలో ఏది కనబడినను నాటుమందులతో నెలలు గడపరాదు. తొలిదశలో శస్త్రవైద్యుని కత్తి ప్రాణము నిలుపును. ఆలస్యమైన కొలది ఆ కత్తికి పట్టు చిక్కదు. గుట్కా, తంబాకు, బీడీ నోటిపుండునకు మూలములు. పంచాయతీ కార్యాలయపు అరుగుననే వానిని వాడుచుండగా గ్రామసభలో నీతులు చెప్పి లాభము లేదు. రాష్ట్ర రాజధానిలో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి కలదు. ఆరోగ్యశ్రీ పథకమున క్యాన్సరు చికిత్సలకు చోటు కలదు. దాని పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచబడినది. బిడ్డకు రక్తపు క్యాన్సరు వచ్చినచో చికిత్స రెండు మూడేండ్లు సాగును. బిడ్డ కొన్ని నెలలకే ఆడుకొనుచు కనబడును, నయమైనదని తలచి తల్లిదండ్రులు మధ్యలో మానివేయుదురు, వ్యాధి తిరుగబెట్టును. అట్టి కుటుంబమున్న ఊరిలో వారికి దారి ఖర్చులకు, కూలి నష్టమునకు తోడుపడుట గ్రామమంతటి ధర్మము. మెథోట్రెక్సేటు బలమైన మందు గనుక వైద్యుడు చెప్పిన మోతాదునకు మించియు, చెప్పని దినమునను వేసికొనరాదని గూడ గుర్తుంచుకొనవలెను.

అధ్యక్షా! భీమవరమున పుట్టిన ఒక పేద బాలుడు రాత్రులు మలమూత్ర పాత్రలు కడిగి, పగలు చదివి, తన తోబుట్టువులను రక్షింపజాలని మందును ఇతరుల తోబుట్టువులకు సంపాదించి పెట్టెను. సముద్రములు దాటి ఆ మందు మన ఊరివరకు వచ్చినది. మిగిలినది ఊరి మొదటి ఇంటినుండి చివరి ఇంటివరకు గల దారి. ఆ దారి పంచాయతీ దారి. గూటిలోనున్న మాత్ర ఎవరి ప్రాణమును కాపాడదు. వచ్చుమారు మేము మీ గ్రామములకు వచ్చినపుడు మమ్ము సభావేదికపైకి కాక, మీ వార్డులోని చివరి ఇంటి అరుగుపైకి తీసికొనిపొండు. అచ్చటి గూడు ఖాళీగా కనబడినచో, అదియే మీరు మాకు చేయు సన్మానము.